ట్యాంకు నెత్తిన ముద్దాయి

ఫ్యాక్టరీ యజమానులకు ఒక ఉచిత సలహా. మీ ఆవరణలో ద్రవం నిల్వచేసే ట్యాంకు ఏదైనా ఉంటే దానికి లెవెల్ సెన్సర్ తప్పకుండా పెట్టించండి. లోపల సరుకెంత ఉందో తెలుసుకోవడానికని అనుకునేరు! అంత చిన్న పనికి అంత ఖరీదైన యంత్రం దేనికి? ఇత్తడి గుండు కట్టిన డిప్ టేపు దింపితే ట్యాంకు ఫారం కుర్రాడు ఎంత ఉందో మిల్లీమీటర్లతో సహా చెబుతాడు. సెన్సర్ అసలు ప్రయోజనం వేరు. రేపు ట్యాంకు పొంగి, మంట లేచి, నలుగురు పోయాక, టీవీ మైకుల ముందు నిలబడి ‘సాంకేతిక లోపం’ అని చెప్పుకోవడానికి అది కావాలి.

దానికి నోరు లేదు. యూనియన్ లేదు. వకీలును పెట్టుకోదు. దాని పెళ్ళాం బిడ్డలు వచ్చి గేటు ముందు బైఠాయించరు. ఇంతకన్నా బుద్ధిమంతుడైన ముద్దాయి ఈ భూప్రపంచంలో దొరకడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత పుట్టిన రోజుల్లో మద్దెలను ఎవరో ఒకరు వాయించి చూసి నిజం తేల్చేవారు. ఈ మద్దెల కాలి బూడిదయ్యాకే విచారణకు వస్తుంది. కనుక ఓడు కాదని నిరూపించే వీలు కూడా ఉండదు.

అయితే ముద్దాయిని ఊరికే నెత్తిన కూర్చోబెడితే చాలదు. నేరం దానిమీద గట్టిగా నిలబడేలా ముందునుంచీ తయారు చేసుకోవాలి. అందుకొక శాస్త్రం ఉంది. పరవాడలోనైనా, పాశమైలారంలోనైనా, ప్రపంచంలో ఏ ట్యాంకు దగ్గరైనా అది పనికొస్తుంది.

మొదటి మెట్టు కొనుగోలు. ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరు సాల్వెంటు ట్యాంకుకు రాడార్ కావాలని రాస్తాడు. పర్చేజు విభాగం మూడు కొటేషన్లు పిలిచి, అన్నిటికన్నా చవగ్గా వచ్చిన అల్ట్రాసోనిక్ పెట్టె కొంటుంది. ‘రెండూ లెవెలే చూస్తాయి కదండీ’ అంటారు. చూస్తాయి. కానీ రాడార్ పంపేది మైక్రోవేవ్. దానికి మధ్యలో గాలి ఉందా, ఆవిరి ఉందా అన్న పట్టింపు పెద్దగా లేదు. అల్ట్రాసోనిక్ పంపేది ధ్వని. ధ్వని వెళ్ళి ద్రవాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. ఆ ధ్వని గాలిలో 0 డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు పోతే, 20 డిగ్రీల దగ్గర 343 పోతుంది. వేడి సంగతి అది సర్దుకోగలదు గానీ, ఆ ఖాళీలో సాల్వెంటు ఆవిరి ఎంత కలిసిందో దానికెలా తెలుస్తుంది? తెలియదు. అయినా ధైర్యంగా ఒక అంకె చెబుతుంది. ఆ ధైర్యానికే మనం డబ్బిచ్చి కొన్నది.

దానికి ఇంకో సుగుణం ఉంది. ముఖానికి దగ్గరగా కొంత జాగా దానికి కనబడదు. అందుకే పొట్టి నాజిల్ పెట్టి కాస్త ఎత్తున బిగించమని మాన్యువల్ చెబుతుంది. మనం కప్పుకు సమంగా బిగిస్తాం. దాంతో ట్యాంకు సగం ఉన్నప్పుడు చక్కగా కనిపించి, అంచుదాకా వచ్చేసరికి చూపు పోతుంది. దొంగ గుమ్మం దగ్గరికి వచ్చేదాకా మేలుకుని, గుమ్మం దాటే వేళకు కునుకు తీసే కాపలావాడిలా.

రెండో మెట్టు స్థలనిర్ణయం. మాన్యువల్ రాసినవాళ్ళు చాదస్తులు. గోడకు దూరంగా పెట్టమంటారు. గుమ్మటం లాంటి కప్పయితే సరిగ్గా నడిమధ్యన పెట్టొద్దంటారు. సరుకు వచ్చిపడే ధార మీద వద్దంటారు. నిచ్చెన, హీటింగు కాయిల్, కలియబెట్టే రెక్కలు దారికి అడ్డు రాకూడదంటారు. ఇవన్నీ పాటించాలంటే కప్పుకు కొత్తగా రంధ్రం కొట్టి నాజిల్ వెల్డింగు చేయాలి. దానికి ట్యాంకు ఖాళీ చేయాలి, గ్యాసు వదిలించాలి, హాట్ వర్క్ పర్మిట్ తీసుకోవాలి, ఉత్పత్తి కొన్నాళ్ళు ఆపాలి. ఎవరి తరం? ఇప్పటికే ఒక పాత నాజిల్ నిచ్చెన పక్కనే పడి ఉంది. గాస్కెట్ వేసి నాలుగు బోల్టులు బిగించేస్తే పోలా!

బిగిస్తారు. ఆనాటి నుంచి ఆ సెన్సర్ నిచ్చెన మెట్టును కొలుస్తూ ఉంటుంది. నిచ్చెన మెట్టు పెరగదు, తరగదు, నురగ కట్టదు. ఎంత నిలకడైన రీడింగు! ఆడిటర్ ట్రెండు చూసి ‘వెరీ స్టేబుల్’ అని రాసి, టీ తాగి వెళతాడు.

కొలత ఎక్కడ తీస్తామన్నది ఎంత గొప్ప కళో విశాఖపట్నం చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్న జనం మీద పడి 12 మంది ప్రాణాలు తీసింది. అక్కడ అదుపు తప్పింది లెవెల్ కాదు, ఉష్ణోగ్రత. కానీ బిగింపు శాస్త్రం ఒకటే. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పిందేమిటంటే, ట్యాంకులో వేడి కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. 2019 డిసెంబరులో పైపులు మార్చాక లోపలి సరుకు పైకీ కిందికీ సరిగా కలిసి తిరగడం మానేసింది. కింద చల్లగా ఉంది, పైన ఉడుకుతోంది. అడుగునున్న ఆ పరికరం అబద్ధమాడలేదు. తనను కూర్చోబెట్టిన చోట ఎంత ఉందో అంతే చెప్పింది. పైన ఎలా ఉందని దాన్ని అడిగినవాడే లేడు. అదే ఫ్యాక్టరీలో సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నాయి. ఆ తెల్లవారుజామున ఒక్కటీ నొక్కలేదు. సెన్సర్ ఒక్కటే ఉంటే సాంకేతిక లోపం అనవచ్చు. 36 మీటలకూ ఒకేసారి సాంకేతిక లోపం వచ్చిందంటే ఆ సాంకేతికానికి జీతం ఎవరిస్తున్నారో కనుక్కోవాలి.

మూడో మెట్టు కాలిబ్రేషన్. ట్యాంకు అడుగున ప్రెషరును బట్టి లెవెల్ చెప్పే ట్రాన్స్‌మిటర్లు మన దగ్గర కొల్లలు. నిజానికి అది కొలిచేది బరువును. ఎత్తు దాని ఊహ. లోపలున్న ద్రవం సాంద్రత ఎంతో మనం చెబితేనే ఆ ఊహ నిజమవుతుంది. మందుల కంపెనీల్లో ఒకే ట్యాంకులో ఈ నెల డైక్లోరోమీథేన్ (డీసీఎం), వచ్చే నెల టోలీన్ పోస్తారు. డీసీఎం సాంద్రత సుమారు 1.33, టోలీన్‌ది 0.87. డీసీఎం కోసం పెట్టిన అంకె మార్చకుండా టోలీన్ పోశారనుకోండి. లోపల 6 మీటర్లు నిండినా మీటరు మీద 3.9 దాటదు. షిఫ్టు ఇన్‌చార్జి ‘ఇంకా బోలెడు జాగా ఉందిరా, తోలండి’ అంటాడు. జాగా ఉంది, మీటరులో.

ఇది చిన్న ఫ్యాక్టరీల అజ్ఞానమని తీసిపారేయకండి. పెద్దలూ మన పీఠంవారే. 2005 మార్చి 23న అమెరికాలో టెక్సాస్ సిటీలోని బీపీ రిఫైనరీలో 170 అడుగుల స్తంభాన్ని నింపారు. లోపల ద్రవం 158 అడుగులకు చేరేసరికి లెవెల్ ట్రాన్స్‌మిటర్ 8 అడుగుల లోపే చూపించింది. అదీ నెమ్మదిగా తగ్గుతున్నట్టు! కారణం, దాన్ని కాలిబ్రేట్ చేసింది 1975 నాటి కాగితం చూసి. అప్పటికీ ఇప్పటికీ లోపలి సరుకే వేరు. హెచ్చరించాల్సిన రెండో అలారం మోగలేదు. కంటితో చూసే గాజు గొట్టం మసిబారి ఉంది. ట్రాన్స్‌మిటర్ సరిగా పనిచేయడం లేదని యూనిట్ మొదలెట్టక ముందే తెలుసు. అయినా మొదలెట్టారు. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. ఏళ్ళనాటి కాగితం పట్టుకుని యంత్రాన్ని నడపడంలో అగ్రరాజ్యం మనకేమీ తీసిపోదు.

నాలుగో మెట్టు రెండో కాపలా. లోకంలోని స్టాండర్డులన్నీ ఒక మాట ఘోషిస్తాయి. ట్యాంకు పొంగకుండా ఆపే హైహై లెవెల్ స్విచ్ రోజువారీ గేజీతో ఏ చుట్టరికమూ లేకుండా ఉండాలి. వేరే నాజిల్, వేరే తీగ, వేరే లాజిక్. గేజీ చచ్చినా అది బతికి ఉండి వాల్వు మూసేయాలి. మనం రెంటినీ ఒకే నాజిల్ మీద, ఒకే జంక్షన్ బాక్సులో, ఒకే పవర్ సప్లై మీద పెడతాం. కవలలు కదా, చస్తే ఇద్దరూ కలిసే చావాలి.

విడిగా పెట్టినా దాన్ని నిర్వీర్యం చేయడం కష్టమేమీ కాదు. ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోవాళ్ళు చేసి చూపించారు. 2005 డిసెంబరు 10 రాత్రి 912 నంబరు ట్యాంకులోకి పైపులైను ద్వారా పెట్రోలు వస్తోంది. తెల్లవారితే ఆదివారం. రాత్రి 3 దాటాక గేజీ ఇరుక్కుపోయింది. తెరమీద గీత అడ్డంగా నిలబడింది. ట్యాంకు మాత్రం నిండుతూనే ఉంది. అదేమీ దానికి కొత్త జబ్బు కాదు. ఆ ఆగస్టు నెలాఖరు నుంచి అప్పటికి 14 సార్లు ఇరుక్కుంది. పోనీ, హైహై స్విచ్ ఉందిగా? ఉంది. 2004లో కొత్తగా బిగించిందే. దానికి టెస్టు చేసే మీట ఒకటి ఉంది. పరీక్ష అయ్యాక ఆ మీటను పనిచేసే స్థానంలో నిలిపి ఉంచడానికి ఒక తాళం కప్ప వేయాలి. ఆ కప్ప ఎవరూ ముట్టుకోకుండా వేసే కాపలా తాళమని బిగించినవాళ్ళు అనుకున్నారు. స్విచ్ ప్రాణం దాని మీదే ఉందని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. కప్ప వేయలేదు. 5:37కి పెట్రోలు అంచు దాటి కిందికి జాలువారడం మొదలైంది. రెండున్నర లక్షల లీటర్లకు పైగా కారింది. 6:01కి పేలింది. భూకంపాల కేంద్రాల్లో 2.4గా నమోదైన పేలుడది. 43 మంది గాయపడ్డారు. తెల్లవారని ఆదివారం కాబట్టి ఎవరూ పోలేదు.

కొట్లో దొరికే తాళం కప్ప ఒక్కటి! అది లేక ఊరంత డిపో రోజుల తరబడి కాలింది. మన దగ్గరైతే దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు ఆ స్విచ్‌కు కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి ఉండేవాళ్ళం. తాళం వేసేవాళ్ళమా అన్నది వేరే సంగతి.

ఐదో మెట్టు అన్నిటికన్నా ముఖ్యమైనది. అదే బైపాస్. సెన్సర్ ఎంత చెడగొట్టి పెట్టినా ఒక్కోసారి పొరపాటున నిజం చెప్పేస్తుంది. ట్యాంకు నిండబోతోందని పంపు ఆపేస్తుంది. నెలాఖరు డిస్పాచ్‌ల వేళ ఇంతకన్నా ద్రోహం ఉంటుందా? జీఎం ఫోను చేస్తాడు. ప్యానెల్ వెనక ఒక చిన్న తీగముక్కతో జంపర్ వేస్తారు, లేదా కంట్రోల్ కంప్యూటరు పీఎల్‌సీలో సిగ్నల్‌ను ఫోర్స్ చేస్తారు. ఈ ఒక్క షిఫ్టుకే అంటారు. ఆ షిఫ్టు రెండేళ్ళు నడుస్తుంది. జంపర్ వేసినవాడు వేరే కంపెనీలో చేరిపోతాడు. తీగముక్క మాత్రం విశ్వాసంగా అక్కడే ఉంటుంది.

ఈ పరికరాలను కనిపెట్టినవాళ్ళ ముందుచూపు తలుచుకుంటే జాలేస్తుంది. ఖాళీ ట్యాంకుకు 4 మిల్లీయాంపులు, నిండు ట్యాంకుకు 20 అని పెట్టారు. ఖాళీకి 0 ఎందుకు పెట్టలేదంటే, తీగ తెగితే వచ్చేది 0. తెగిన తీగకూ ఖాళీ ట్యాంకుకూ తేడా తెలియాలని వాళ్ళ తాపత్రయం. ‘నాకు ఒంట్లో బాలేదు’ అని పరికరం తనంతట తాను చెప్పుకునే దారి అది. మనం దాని సెట్టింగుల్లోకి వెళ్ళి, ‘లోపం వస్తే ఆఖరి రీడింగే చూపిస్తూ ఉండు’ అన్న ఆప్షన్ ఎంచుకుంటాం. ఇక అది చచ్చిపోయాక కూడా నిన్నటి అంకె చూపిస్తూనే ఉంటుంది. అలారం గోల లేదు. కంట్రోల్ రూములో ప్రశాంతత. ఇక కేబుల్ గ్లాండులోంచి వాన నీళ్ళు దిగితే చుట్టూ ఎంసీల్ మెత్తితే సరి. ఫ్లేమ్‌ప్రూఫ్ సర్టిఫికెట్ ఎలాగూ ఫైల్లో భద్రంగా ఉంది. పేలే గుణం ఫైలుకైతే లేదు.

ఈ ఐదు మెట్లలో ఎక్కడో ఒకచోట కాంట్రాక్టు టెక్నీషియన్ కుర్రాడొకడు తగులుతాడు. వాడితో జాగ్రత్త. వాడు మాన్యువల్ చదువుతాడు.

“సార్, ఆ గేజీ మళ్ళీ ఇరుక్కుంటోందండీ. ఒకసారి ట్యాంకు ఆపి చూడాలండీ.”

“తట్టి చూశావా?”

“తడితే కదుల్తోందండీ. రేపు తట్టేవాడు ఉండడు కదండీ.”

“షట్‌డౌన్‌లో చూద్దాంలేవయ్యా.”

షట్‌డౌన్ వస్తుంది. ప్రతిసారీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ‘ముందు ఉత్పత్తికి సంబంధించినవి చూడండి’ అంటారు. కుర్రాడు లాగ్‌బుక్కులో ‘లెవెల్ రీడింగు తేడా’ అని రాసి సంతకం పెడతాడు. ఆ పేజీకి ప్రమాదం తర్వాతే పాఠకులు దొరుకుతారు. అదీ దొరికితే! సాధారణంగా అగ్నిదేవుడు మొదట చదివేది లాగ్‌బుక్కులనే.

ఆరో మెట్టు పరీక్ష. ఏడాదికోసారి స్విచ్ పనిచేస్తోందో లేదో చూడాలని నియమం. నిజంగా చూడాలంటే ద్రవాన్ని ఆ మట్టందాకా తెచ్చో, స్విచ్‌ను దాని తయారీదారు చెప్పిన పద్ధతిలో కదిలించో, వాల్వు మూసుకుంటోందా లేదా అని చివరిదాకా చూడాలి. అది మోటు పద్ధతి. నాగరికులు ప్యానెల్ మీద ల్యాంప్ టెస్టు బటన్ నొక్కుతారు. దీపం వెలుగుతుంది. దీపం పనిచేస్తోందని తేలింది. స్విచ్ మీద కొత్త తేదీతో స్టిక్కర్ అంటిస్తారు. ఇక ఆ స్టిక్కర్ ఊడనంతకాలం ట్యాంకు పొంగదు.

ఇన్ని చేశాక ప్రమాదం జరిగితే పని సులువు. కమిటీ వస్తుంది. కొన్నవాడు బిగించినవాడిని చూపిస్తాడు, బిగించినవాడు అమ్మినవాడిని, అమ్మినవాడు నడిపినవాడిని. నడిపినవాడు బతికి ఉంటే సస్పెన్షన్‌లో ఉంటాడు, లేకపోతే ఫొటోకు దండ వేసి ఉంటుంది. తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నాక కూడా కాస్త మిగిలిపోతుంది. ఆ మిగిలింది కాలిపోయిన సెన్సర్ నెత్తిన పోసి చేతులు కడుక్కుంటారు.

బన్స్‌ఫీల్డ్‌లో మాత్రం ఈ శాస్త్రం ఎదురు తన్నింది. ఇంగ్లండు వాళ్ళకు వ్యాపార మర్యాద తెలియదు. గేజీ ఇరుక్కుంది, స్విచ్ పలకలేదు, ఇంత చక్కటి సాంకేతిక లోపాలు రెండు చేతిలో పెట్టినా 2010లో కోర్టు పరికరాలను బోనెక్కించలేదు. డిపో నడిపినవాళ్ళు, పైపులైనువాళ్ళు, గేజీ మెయింటెనెన్సు చూసినవాళ్ళు, స్విచ్ చేసి అమ్మినవాళ్ళు కలిపి 5 కంపెనీలను ఎక్కించింది. జరిమానాలు, ఖర్చులు కలిపి 95 లక్షల పౌండ్ల దాకా కక్కించింది. 14 సార్లు ఇరుక్కున్న గేజీ తప్పు చేసినట్టా, 14 సార్లు చూసి ఊరుకున్నవాళ్ళు చేసినట్టా అన్న మోటు ప్రశ్న వేసుకుంటే అలాంటి తీర్పే వస్తుంది. ఆ ప్రశ్న మన ఆవరణలోకి రాకుండా గేటు దగ్గరే ఆపడం ప్రతి యజమాని కనీస ధర్మం.

ఇంతవరకూ యజమానులకు చెప్పాను. చివరగా ఇన్‌స్పెక్టర్లకు ఒక్కమాట. ఖర్చు మహా అయితే వంద రూపాయలు. ప్రతి సెన్సర్‌కూ ట్యాగు నంబరు చెక్కిన స్టీలు రేకు ఉంటుంది, ఎల్‌టీ-101 అనో, ఎల్‌ఎస్‌హెచ్‌హెచ్-101 అనో. దాని పక్కనే ఇంకో రేకు బిగించమనండి. రాడార్ అడిగితే చవకది కొన్నవారి పేరు. కొత్త నాజిల్ వద్దన్నవారి పేరు. సరుకు మారినా సాంద్రత మార్చనివారి పేరు. బైపాస్‌కు ఒప్పుకున్నవారి పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో. ట్యాంకుతో పాటు కాలిపోకుండా అదే రేకు నకలు ఒకటి మెయిన్ గేటు మీద, వచ్చేపోయేవాళ్ళు చదివేంత పెద్ద అక్షరాల్లో.

మొదటి రేకు మీద ఎండీ గారి పేరు చెక్కడం మొదలెట్టిన సాయంత్రానికల్లా ఆ ట్యాంకుకు రాడార్ వస్తుంది, కొత్త నాజిల్ వస్తుంది, తాళం కప్పలు రెండు వస్తాయి. ఇన్నాళ్ళూ లేని బడ్జెట్ ఇప్పుడెక్కడిదని మాత్రం అడక్కండి. దానికీ ఏదో ఒక సాంకేతిక లోపం చూపిస్తారు.